మూడు గంటల కార్డు

హిరొసాకి అగ్నిమాపక కేంద్రం, రెండో అంతస్తు.
కిటికీకి సగం దాకా మంచు.
చాప మీద ఆరు బొమ్మలు, కాళ్లూ చేతులూ లేనివి,
నోళ్లు తెరుచుకుని పడుకున్నాయి.

మెట్లు ఎన్నో మొదటి రోజే చెబుతాను.
గంటన్నర తరగతి: పిలవడం, తట్టడం, నొక్కడం.
మూడు గంటలు కూర్చుంటే ఒక కార్డు.
ఎనిమిది గంటలకి ఇంకో కార్డు,
అందులో పసిపిల్లల బొమ్మలూ, కట్లు కట్టడమూ.
ఆ పైన ఆసుపత్రి వాళ్ల లోకం:
తెర మీద పాకే గీతని చదవడం,
గొంతులోకి గొట్టం దించడం,
ఏ నిమిషానికి ఏ మందో నిద్రలో లేపి అడిగినా చెప్పడం.
అవన్నీ నా జేబులో ఉన్నాయి.

ఫుకికో స్నానశాల గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి.
డెబ్భై ఒకటి. మూడు గంటల కార్డు చాలంది.
"చిల్లర లెక్కపెట్టేదాన్ని, గీతలు నాకెందుకు నాయనా?"
సరైన లోతుకి నొక్కితే బొమ్మ టిక్కుమంటుంది.
టిక్కుమన్నప్పుడల్లా తలూపింది,
లెక్క సరిపోయినట్టు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
టోఫు చేసే ఒటగురో వేడినీళ్లలో తల వాల్చాడు.
మేం మంచు తోసుకుంటూ చేరేసరికి పదమూడు నిమిషాలు.
ఆవిడ మగవాళ్ల వైపుకి ఉరికి, బయటికి లాగించి,
తడి ఛాతీని తువ్వాలుతో తుడిచి ప్యాడ్లు అంటించిందట.
షాక్ వద్దంది యంత్రం. నొక్కుతూనే ఉండమంది.
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది...
నన్ను చూసి కూడా ఆపలేదు,
నా చేతులు ఆవిడ చేతుల కింద చోటు వెతుక్కునే దాకా.
గొట్టం, సూది, మందు. నా మెట్లన్నీ ఎక్కాను.
గీత మాత్రం బయటి వీధిలాగే
చదునుగా, తెల్లవారేదాకా.

మార్చిలో మళ్లీ వచ్చింది, అదే తరగతికి.
ఈసారి ఎనిమిది గంటలది తీసుకోండి, అన్నాను.
బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.
"ఇది టిక్కుమంటుంది. ఆయన అనలేదు.
నాలుగోసారికే లోపల ఏదో విరిగింది.
తప్పు చేశానేమోనని చేతులు తీసేశాను,
ఒక్క క్షణం.
అది ఏ కార్డులో ఉంది?"

పదహారేళ్లుగా చెబుతున్నాను పాఠం.
ఎముక విరగొచ్చని, విరిగినా ఆపొద్దని
ఏనాడూ అనలేదు, జనం జడుస్తారని.

ఇప్పుడు బొమ్మలు పరవకముందే చెబుతున్నాను.
మొన్న ఇద్దరు లేచారు వెళ్లిపోవడానికి.
ఫుకికో ఏమీ అనలేదు.
వాళ్ల బూట్లు తలుపు వైపుకి తిప్పి పెట్టి,
వచ్చి, చేతి మీద చెయ్యి వేసి,
"ఒకటి" అంది.