ఏడో నంబరు బోర్డు

బుధవారం పదకొండింటికి
జ్ఞాపకాల క్లాసు.
పెరంబూరు ఎండ గ్రిల్లులోంచి గళ్ళుగళ్ళుగా పడే హాల్లో
మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెడుతుంది యాళిని.
ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తెలుగు రాదు,
నా తమిళానికి నవ్వదు.

పోయిన వారం గచ్చకాయలు పంచింది.
అంతకు ముందు వేయించిన కాఫీ గింజల వాసన.
"పెళ్ళిలో ఏ రంగు చీర కట్టారు పాట్టీ?"
గుర్తులేదన్నాను.
గుర్తుంది. చెప్పబుద్ధి కాలేదు.

ఇవాళ అట్టపెట్టెలోంచి నల్ల టెలిఫోను తీసింది.
ఆళ్వారు నాయుడు రిసీవరెత్తి
చచ్చిపోయిన పెళ్ళాంతో అరగంట పోట్లాడాడు.
అందరం చప్పట్లు కొట్టాం.
నా ఒళ్ళో పెడితే తోసేశాను.
"ఇది మాట్లాడేవాళ్ళది.
నేను మధ్యలో ఉండేదాన్ని."

మధ్యలో ఒక మనిషి ఉండేదని
ఆ పిల్లకి తెలీదు.
ముప్ఫై ఒక్కేళ్ళు
జార్జిటౌన్ ట్రంకు ఎక్స్ఛేంజీ, ఏడో నంబరు బోర్డు.
నెత్తిన హెడ్‌సెట్టు, రెండు చేతులా తీగలు,
నెల్లూరుని సేలానికి, గుంటూరుని కోయంబత్తూరుకి
కుట్టుకుంటూ పోవడమే.
లైను వినాలి, మాటలు వినకూడదు.
మూడు నిమిషాలవగానే దూరి
"టైమైంది, పొడిగించమంటారా?"

ఒక రాత్రి గూడూరు నుంచి ఎవరో కుర్రాడు
నాన్న పోయాడని అక్కకి చెప్పడానికి చేసి
చెప్పలేక
వానల గురించి మాట్లాడుతున్నాడు.
వినకూడనిది విన్నాను.
మూడు. ఆరు. తొమ్మిది.
దూరలేదు నేను.
టికెట్టు మీద మూడే రాశాను.
నెలాఖరుకి మెమో. ఒక ఇంక్రిమెంటు కోశారు.

పెళ్ళి ఫోటో ఎటుపోయిందో గాని
ఆ మెమో నా పెట్టె అడుగున భద్రంగా ఉంది.

యాళిని ఫారంలో టిక్కు పెట్టబోయింది,
'ఉత్సాహంగా పాల్గొన్నారు' అన్నచోట.
"అది కాదమ్మా. ఏడో నంబరు అని రాయి."
రాసింది. కింద గీత కూడా గీసింది.

రాత్రి పక్క మంచం మీద సుబ్బరత్నం లేచి కూర్చుంది.
తన పేరే తనకి ఒక్కోసారి అందదు.
"మా ఇంటికి కలపండమ్మా" అంది చీకటితో.
రోజూ అంటుంది. రోజూ నర్సు పడుకోమంటుంది.
"ఏ ఊరండీ?" అన్నాను.
కాస్సేపు వెతుక్కుని, "కాళాస్తి."
"లైను బిజీగా ఉంది. పెట్టేయకండి,
లైన్లోనే ఉండండి."

ఆమె చీర కొంగు అందుకుని
వేలికి చుట్టుకున్నాను.
ఉంది.
కునుకు పట్టేదాకా అలాగే ఉంది.
నేను గడియారం చూడలేదు.