నాలుగు నోళ్లు

బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు గెథిన్.
"ఎవరు తొడిగారు వీటికి ఈ టోపీలు?"

నేనే తొడిగాను.

పసుపు ఎస్కార్ట్, నాకన్నా రెండేళ్లు పెద్దది.
ఇంజిన్ పక్కన ఒరిగి పడుకున్న రెండు కార్బురేటర్లు,
ఒక్కోదానికి రెండేసి అల్యూమినియం బూరలు.
నిన్నటిదాకా బోసినోళ్లు.
టార్చి వేసి చూస్తే లోపల ఇత్తడి రేకు
నిద్రలో సీతాకోకచిలుక కదిలినట్టు ఒరిగేది.
ఇప్పుడు వాటిమీద ఎర్రటి స్పాంజి,
నూనె పట్టించి, పిండి, ఆరబెట్టి,
చుట్టూ క్లిప్పు బిగించిన స్పాంజి.

"ఆరు గుర్రాలు పోతాయి" అన్నాడు.
"ఏ దొడ్లోకి?" అన్నాను.
నవ్వలేదు.
"బూర మూతికీ దీనికీ మధ్య రెండు వేళ్ల సందైనా లేదు,
గాలి ఎక్కడ మళ్లుతుంది?"
అదీ నిజమే. లోతైన రకం పెట్టాలంటే
పక్క రేకును సుత్తితో లోపలికి కొట్టాలి.
"అన్నిటికీ మించి, కూత పోతుంది, ఎలునెడ్."

దానికి నా దగ్గర జవాబు లేదు.
నాలుగు వేల దగ్గర గొంతు విప్పేది ఆ బండి.
గాలిని తాగినట్టు కాదు, చించినట్టు.
క్వారీ దారి మూడో మలుపులో
గొర్రెలన్నీ మేత ఆపి తలలెత్తేవి.
నేనూ ఆ కూత కోసమే
ఒక గేరు తక్కువలో ఎక్కేదాన్ని,
పెట్రోలు ధర తెలిసి కూడా.

కానీ ఫిబ్రవరిలో ఇంజిన్ విప్పింది నేను.
సిలిండర్ గోడల మీద నిలువు గీతలు,
వేలిగోటికి తగిలేంత.
అడుగు తొట్టిలో నూనె లేదు,
సానమీద అరగదీసినట్టు
మెత్తని బూడిదరంగు గంధం ఉంది.
ఈ ఊరి కొండే అది.
పిల్లలు అక్షరాలు దిద్దే పలక,
ఎక్కడెక్కడి ఊళ్లో ఇళ్లమీద కప్పుకున్న పలక,
మిగిలింది మా దారిమీద పొడి.

"సరే, జాలీ పెడదాం. సన్నటి జాలీ."
"జాలీ రాళ్లను ఆపుతుంది గెథిన్.
మనవాళ్లను చంపింది రాళ్లు కావు."

అనకుండా ఉండాల్సింది.
బానెట్ కిందికి దించలేదు వాడు, అలాగే పట్టుకున్నాడు.

ఇద్వాల్ తాత ముప్పై ఒక్క ఏళ్లు
పలక చీల్చే షెడ్డులో కూర్చున్నాడు.
ఆఖర్న కంపెనీ వాళ్లు ముక్కుకు గుడ్డలు పంచారు.
తాత దాన్ని మేకుకు తగిలించి వదిలేశాడు.
అది కట్టుకుంటే పాడటం కుదరదట.
చాపెల్‌లో మంద్రస్థాయి ఆయనదే,
బెంచీ చెక్కలో తెలిసేదట ఆ గొంతు, చెవిలోకన్నా ముందు.
నేను పుట్టేసరికి కూర్చునే నిద్రపోయేవాడు,
మెట్టు మెట్టుకీ ఆగి,
ఏదో మర్చిపోయినట్టు నటించేవాడు.
ఊపిరితిత్తుల లెక్క కట్టి ఇచ్చిన పరిహారం డబ్బుతో
పసుపు కారు కొన్నాడు.
పల్లంలో నడపడానికి కాదు,
కొండ ఎక్కడానికి.

గెథిన్ చేత్తో స్పాంజిని నొక్కి చూశాడు.
వేళ్లకు అంటిన నూనె వాసన చూశాడు.
"అయితే జెట్లు మార్చాలి,
ఇప్పుడున్న వాటితో నల్లపొగ కక్కుతుంది" అని
పొగాకు డబ్బా కోసం అలమర వెతకసాగాడు.
మా ఇంట్లో ఒప్పుకోవడం ఇలాగే ఉంటుంది.

సాయంత్రం వాన ఆగాక తీశాం.
వాడు స్టీరింగు, నేను పక్కన, ఒళ్లో స్పానర్లు.
కూత పోలేదు, లోపలికి వెళ్లింది.
పక్క గదిలో ఎవరో
నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టుంది.
మూడో మలుపు.
గొర్రెలు మేస్తూనే ఉన్నాయి.

చివర్లో ఒకటి తలెత్తింది.
"చూశావా" అన్నాడు గెథిన్.