పాత రోడ్డు

కాశిపెంట్ల కాడ
మామిడి గుజ్జు ట్యాంకరు బోర్లాపడింది.
హైవే అంతా పసుపు, జారుడు.

హోంగార్డు చెంగల్రాయులు
రెండు డ్రమ్ములు అడ్డం దొర్లించి
టార్చి ఊపతా
"పాత రోడ్డునే పోండప్పా" అంటావుండాడు.

బైపాసు పడినాక
పొద్దు మునిగితే కుక్క తప్ప నడవని మా వీధిలో
బెంగుళూరు బస్సులు, గుండు మొక్కులోళ్ల వ్యాన్లు,
ఒక కోళ్ల లారీ
మా సన్‌షేడ్లు గీరుకుంటా.

కుప్పమ్మవ్వ అటక మీది బాయిలరు దించి
బూడిదేసి తోమింది.
పక్కింట్లో పాలు బదులు తెచ్చింది.
తెల్లారేసరికి నూటాపది టీలు.

క్రేను వచ్చింది. డ్రమ్ములు తీసేసినారు.
దుమ్ము మాత్రం ఇంకా వాలతా వుంది.

చిల్లర లెక్కబెడతా లెక్కబెడతా ఆగి
అవ్వ అడిగింది:
"ఆ ట్యాంకరబ్బోడు
బతికినాడా?"

చెంగల్రాయులు అప్పుడుగానీ చూసుకోలేదు,
చేతిలో టార్చి
ఎండలో ఇంకా వెలగతానే వుందని.