మూల పట్టుకో

వ్యాసర్‌పాడి సబ్‌వేలో నీళ్ళు ఇంకా తోడలేదు.
మోకాళ్ళ దాకా తడిసొచ్చారు ఇద్దరూ,
మునిరత్నం మాస్టారూ, ఆయన వెనకాల సాలొమీ.
పాలకవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ ఒక్కటే పొడిగా ఉంది.

"ఐదింటికల్లా పంపాలమ్మా, రైల్వే కోటా.
ఫొటో ఎంతకీ నిలవటంలేదు."

తెరిచాను.
దరఖాస్తు మధ్యలో రెండు బూట్లు, ఎర్ర లేసులు,
అంతే.
తెర లేవని నాటకంలో
తెర కిందనుంచి కనిపించే పాదాల్లాగా.
మాస్టారి బావమరిది రాత్రి రెండింటి దాకా లాగాడట.
లాగినకొద్దీ బూట్లే పెద్దవయ్యాయట.

ఇది నాకు తెలిసిన జబ్బే.
వరసకీ వరసకీ మధ్య కచ్చితంగా పన్నెండు పాయింట్లు
అని ఎవరో శాసనం రాసిపోయి ఉంటారు.
అక్షరానికి చాలిన ఎత్తు అది,
మనిషి నిలబడటానికి చాలదు.
పేరాలోకి వెళ్ళి "సింగిల్" అన్నాను.
సాలొమి లేచి నిలబడింది,
మోకాళ్ళు, నిక్కరు, గ్లవ్సు,
చివరికి వాచిన ఎడమ కన్ను.

ఆమె ఎత్తుకి తట్టుకోలేక
తండ్రి పేరూ, పుట్టిన తేదీ
రెండో పేజీకి పారిపోయాయి.

తొందరపడి కుడిపక్క చుక్క పట్టుకుని లాగాను.
పిల్ల అడ్డంగా ఉబ్బింది.
మెడ పోయింది, భుజాలు గడప దాటాయి.
"అయ్యో, నలభై ఎనిమిది కిలోలు మాస్టారూ నాది!"
అంది సాలొమి, వచ్చాక మొదటిసారి నోరు విప్పి.
"తిరువళ్ళూరులో రెండొందల గ్రాములెక్కువని
కాటా మీదనుంచి దింపేశారక్కా.
జడ కోసుకుని మళ్ళీ ఎక్కాను."

నేను ఎలుకని వదిలేశాను.
నాదీ ఒక ఫొటో ఉండేది,
ఈ కుర్చీలోనే, ఈ చేత్తోనే
రెండు పక్కలా నొక్కి సన్నం చేసింది.
చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి
కాగితం వంక ఒకసారి, నా వంక ఒకసారి.
కాఫీ మాత్రం తాగే వెళ్ళారు.

వెనక్కి, వెనక్కి, వెనక్కి.
పొడుగూ వెడల్పూ విడిపోకుండా తాళం వేశాను.
పెట్టెకి ఉన్న తానే సాగే రోగాన్ని మాన్పించాను.
"పక్కలు పట్టుకోకూడదు మాస్టారూ, మూల పట్టుకోవాలి,
అప్పుడే మనిషి మనిషిలా తగ్గుతుంది."
ఆయన నవ్వలేదు.
"ముప్పయ్యేళ్ళుగా నా పని అదేగా తల్లీ," అన్నాడు,
"మూలలో స్టూలు వేసుకుని కూర్చోవడం."

మూల పట్టుకుని తగ్గించాను.
పెట్టెలో పట్టింది గానీ
మొహం పెసరగింజంత అయింది.
మొహం నిండుగా ఉండాలని నిబంధన.
కత్తిరించక తప్పదు.
"బూట్లుండనీ అక్కా, కొత్తవి.
రెణ్ణెల్లు మా అమ్మ ఇడ్లీబండి దుడ్డు."

నాకు జవాబు తోచలేదు.
ఛాతీ దగ్గర గీత పెట్టి
కిందిదంతా లోపలికి మడిచేశాను.

కత్తిరించిన భాగాలు తీసేయమంటావా
అని అడిగింది యంత్రం.
వద్దన్నాను.
ఫైలు కాస్త బరువెక్కుతుంది, ఎక్కనీ,
ఈ కాటా దగ్గర ఎవరూ దింపరు.

నాలుగూ నలభైకి పంపాము.
ప్రింటు పది రూపాయలు, మిగతాది వద్దన్నాను.
సాలొమి ఒప్పుకోలేదు,
తడిసిన ఇరవై నోటు కీబోర్డు మీద పరిచి
నీళ్ళలోకి దిగిపోయింది,
చెప్పులు చేత పట్టుకుని.

ఎక్కడో ఒక ఆఫీసులో
ఆమె మొహం కింద, ఎవరికీ కనపడకుండా,
ఎర్ర లేసుల బూట్లు నిలబడి ఉంటాయి.
నోటు ఇంకా ఆరలేదు.