పట్టు పల్చనయ్యే చోటు

ఆదివారం బాయిలర్ చల్లారి ఉంటుంది.
పలాసలో మా జీడి ఫ్యాక్టరీ వెనక
పిక్కలు ఆరబోసే కళ్ళంలో
సున్నంతో గీసిన గళ్ళు.
"వరసలో నిలబడండి" అంది హేమసుందరి,
టెక్కలి నుంచి మొదటి బస్సుకు వచ్చిన పిల్ల.
మా పెద్దదానికంటే రెండేళ్ళు చిన్నది.
ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు.
ఎలా పడ్డాయని ఎవరం అడగలేదు.

నేను నేర్చుకోడానికి రాలేదు.
కుంతలకి తోడొచ్చాను,
క్యారేజీలూ చెప్పులూ చూసుకోడానికి.
నలభై ఏడేళ్ళ మోకాళ్ళకి ఈ కుప్పిగంతులేటి?

పోయిన నెల సెకండ్ షిఫ్టు వదిలాక
కాశీబుగ్గ గేటు ఇవతల, దీపం లేని రెండొందల గజాల్లో
ఎవడో వెనక నుంచి కుంతల సైకిల్ పట్టుకున్నాడు.
సైకిల్ వదిలేసి పరిగెత్తింది.
"ఆడోళ్ళు గుంపుగా ఎల్లాల గానీ" అన్నాడు సూపర్‌వైజర్.
సైకిల్ మర్నాడే దొరికింది.
కుంతల మాట దొరకడానికి వారం పట్టింది.

"ముందు చెయ్యి కాదు, గొంతు.
కడుపులోంచి అనండి, వద్దు అని."
ఇరవై ముగ్గురం నోళ్ళు తెరిచాం.
చావింట్లో గుసగుస లాంటిదేదో వచ్చింది.
ఎవరో నవ్వారు,
ఆ నవ్వు చాటున మిగతావాళ్ళం దాక్కున్నాం.
సంతలో రూపాయి బేరానికి లేచే గొంతు,
కుళాయి దగ్గర బిందె కోసం లేచే గొంతు,
ఒంటి కోసం లేవదేం?

తర్వాత మణికట్టు.
"ఎంత గట్టి పట్టైనా
బొటనవేలు మిగతా వేళ్ళని కలిసే చోట పల్చన.
లాగొద్దు. అటు తిప్పండి."
ఇది నాకు తెలిసిన పనే అనిపించింది.
ఇరవై రెండేళ్ళుగా కట్టర్ ముందు కూర్చున్నదాన్ని.
పిక్కకి ఒక అంచుంటుంది.
అక్కడ నొక్కితే పెంకు విడిపోయి
పప్పు గుండుగా వస్తుంది.
ఇంకోచోట ఎంత బలం పెట్టినా బద్దలే,
బద్దకి రేటు లేదు.

ఎప్పుడు లేచి నిలబడ్డానో!
కుంతల నా చెయ్యి పట్టుకుంది,
జీడిచమురు తిని నల్లబడ్డ చెయ్యి,
వేలిముద్రలు అరిగి
రేషన్ మిషను కూడా గుర్తుపట్టని చెయ్యి.
తిప్పాను.
వదిలిపోయింది.
మళ్ళీ పట్టమన్నాను. ఈసారి గట్టిగా పట్టవే అన్నాను.

అప్పుడడిగింది తవిటమ్మ
వెనక వరసలోంచి, ఎవరి మొహమూ చూడకుండా:
"బయటోడైతే సరే పాపా,
ఇంట్లోవోడైతేనో?"

అందరి కళ్ళూ సున్నపు గీతల మీద.
నావి చెప్పుల మీద.
హేమసుందరి కనుబొమ్మ మీద కుట్లు కదిలాయి.
"పట్టు అదే పిన్నీ, ఒదిలించుకోడమూ అదే.
ఒదిలించుకున్నాక ఏ గుమ్మంలోకి ఎల్తావో,
అది నీ ఒక్కదాని లెక్క కాదు.
మనందరం కూకుని ఆలోచించాల."
"మనం నేర్సుకోడం సరే,
ఆళ్ళకెవులు నేర్పుతారు?" అంది కుంతల.
దానికా పిల్ల దగ్గర జవాబు లేదు.
సీసా ఎత్తి నీళ్ళు తాగింది.

మూడు ఆదివారాలు చేతులు నేర్చుకున్నాయి.
గొంతు నేర్చుకోలేదు.

నాలుగోవారం, బుధవారం రాత్రి,
గేటు పడింది. గూడ్సు.
బొగ్గు పెట్టెలు, లెక్కపెట్టలేనన్ని.
ఆ రొదలో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో
నోరు తెరిచాను.
వద్దు.
వద్దు.
ఇరవయ్యో పెట్టె దగ్గర
అది నా గొంతేనని తెలిసింది.
రైలు వెళ్ళిపోయింది, నేను ఆపడం మర్చిపోయాను.
గేట్‌మన్ టార్చి వేసి చూశాడు.
ఎక్కడో కుక్కలు బదులిచ్చాయి.

ఇంటికొచ్చి గంజి వంచుతుంటే
మా ఆయన మంచం మీంచి అడిగాడు:
"గొంతేటి, బొంగురుపోనాది? జలుబేటి?"

"కాదు" అన్నాను.
"వాడినాను."