మూడు గంటలకొకసారి

ఆదోని మార్కెట్‌కు పత్తి దిగే నెలలో
ఆలూరు రోడ్డు మీద మా జొన్న నడుము విరిగింది.
లారీ ఆగలేదు.
యాడ ఆగుతాది, రేటు పడిపోయేలోగా చేరాల గదా.

గోనెపట్టలో మోసుకొచ్చినాము, నేనొక కొస, ఆయనొక కొస.
పశువులాసుపత్రిలో రంగముని సారు
పెన్ను మూతతో వెనక కాలి వేలు గట్టిగా నొక్కినాడు.
కాలు ఎగిరింది. నాకు పానం లేచొచ్చింది.
"కాలు ఎగిరితే కాదమ్మా,
ఎవురు నొక్కినారని తల తిప్పి చూడాల" అన్నాడు.
జొన్న గోడకల్లా చూస్తాంది.
ఒక్క సూదితో నిద్రపుచ్చొచ్చు అన్నాడు. మెల్లగానే. మంచోడే.
మా కాసింసా కుడిచెయ్యి ఎత్తి చూపించినాడు,
జిన్నింగు మిల్లు తిన్నవి పోను మిగిలిన మూడు వేళ్లు.
"నన్ను పండుకోబెట్టలేదు గదా సార్."

అప్పటినుంచీ మా గడియారానిది ఒకటే మాట:
మూడు గంటలకొకసారి పక్క మార్చు.
మార్చకుంటే తుంటి మీద పుండు లేస్తాది,
మొదట చింతగింజంత, వారానికి అరచెయ్యంత.
నేను పరుపులు కుట్టేదాన్ని.
ఎన్ని పెండ్లి పరుపులు కుట్టినానో లెక్క లేదు,
వాటి మీద ఎవురికి నిద్ర పట్టిందో ఎప్పుడూ అడగలేదు.
ఈ ఒక్క పరుపును మాత్రం
ఎముక తగిలే చోట దూది ఎంత, తగలని చోట ఎంత అని
తడిమి తడిమి నాలుగుసార్లు విప్పి కుట్టినా.

ఉచ్చ దానంతట అది రాదు.
కడుపు కింద పట్టి, నిండిన తిత్తిని వంచినట్లు పిండాల.
నాకు చేతకాలేదు.
ఎంత నొక్కాల, ఎప్పుడు వదలాల, ఆ మూడు వేళ్లకే తెలిసింది.
మిల్లులో పనికిరావన్న వేళ్లు.
ఈరమ్మ గోడమీంచి తొంగిచూసి
"మనుషులకే దిక్కు లేదు, మీకిదేం పిచ్చప్పా" అనింది.
మాపుసారి అదే ఈరమ్మ రాగిగంజి తెచ్చి
గిన్నె తీసుకోకుండానే పోయింది.

ఇంక పిల్లి.
దాని పేరు దూది, ఒళ్లేమో బొగ్గు. మా షమీమ్ ఎకసెక్కెం అది.
మిద్దె మీద కోతులు తరిమితే పడి దవడ విరగ్గొట్టుకుంది.
కర్నూలుకు తీసకపోయి తీగె కట్టించినాము.
తిరిగొచ్చేటప్పుడు, సంచిలోంచి మ్యావు వినపడి
"దీనికీ టికెట్టు కొట్టనా" అని నవ్విన కండక్టరు
మూతి చూసినాక నవ్వలేదు.
కోడుమూరు దాకా ఆ సంచి తన సీటు మీదే పెట్టుకున్నాడు.

సూది లేని సిరంజితో పాలు పడితే
సగం లోపలికి, సగం గడ్డం మీదికి.
ఆ సగాన్ని జొన్న నాకేది.
ముందు కాళ్లతో దేక్కుంటా వచ్చి మరీ నాకేది.
గడ్డం శుభ్రమైనాక
దూది పోయి దాని వెనక కాళ్ల మీద పండుకునేది,
వేరే చోటే లేనట్లు.
ఆ బరువు జొన్నకు తెలుస్తాందో లేదో
నేను అడగను, అది చెప్పదు.

మెడికల్ షాపులో మా పద్దు రెండో పేజీకి తిరిగింది.
శివరాత్రి దాటి చలి విరిగింది.
నిన్న రాత్రి పక్క మార్చేదానికి లేచినా.
బల్బు వెయ్యలేదు, వీధిలైటు చాలు.
దూది నిద్రలోనే, పాలు తాగే పిల్ల మాదిరి,
ఒక పంజా తర్వాత ఇంకొక పంజా,
ఆ కాళ్లను పిసుకుతాంది.
గోళ్లు దిగినట్లున్నాయి.
జొన్న తల తిప్పింది.
కాలి కల్లా చూసింది. పిల్లి కల్లా చూసింది.
ఇంకొకసారి కాలి కల్లా.

కాసింసాను లేపల్లనుకున్నా. లేపలేదు.
కల అంటాడేమో. కాదంటాడేమో. రెండూ భయమే.
పెన్ను మూత కోసం షమీమ్ బడిసంచిలో చెయ్యి పెట్టి
మళ్లా తీసేసినా.
అట్లే కూచున్నా, ఊపిరి తీస్తే చెదురుతాదన్నట్లు.

గడియారం చూస్తే మూడుంబావు.
పక్క మార్చే టైము
పావుగంట కింద దాటిపోయింది.