అరచుట్టు ఎడమకు

అండర్ బ్రిడ్జి పక్క గల్లీల నా షెడ్డు.
మీద రైలు వోతే
గోడకున్న స్పానర్లన్నీ తలకాయలు కొట్టుకుంటయి.
మంచు అంటే నాకు ఎర్కైంది
కుల్ఫీ బండి అడుగున ఉప్పుతోటి కరిగేదే.

గాదె కొంరెల్లి, రెండో డిపో డ్రైవరు.
ఇరవై తొమ్మిదేండ్లు ఒకటే తొవ్వ:
ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం.
గోదారి వాసన తగలంగనే బస్సు మర్లెయ్యాలె.
రిటైరైన నాడు మెడల దండతోనే వచ్చిండు,
ఎనబై ఎనిమిది మోడల్ బుల్లెట్ నూకుకుంట.
"యాకయ్యా, లడాఖ్ వోవాలె" అన్నడు,
చాయ్ తాగొద్దాం పా అన్నంత అల్కగ.

పదిహేను దినాలు బండి పేగులు బయటేసిన.
క్లచ్ ప్లేట్లు మార్చిన, చైను మార్చిన, తీగలు మార్చిన.
గాలినెట్ల మార్చాలె?
ఆడ గాలి పల్చగుంటదట,
గాలి తక్కువైతే పెట్రోలు ఎక్కువై
బండి నల్లగ దగ్గుతది.
నేను పీల్చని గాలికి
ఏ నంబరు జెట్టు ఎక్కియ్యాలె?
ఒక పొద్దుగాల పద్మాక్షమ్మ గుట్టెక్కి
గట్టిగ ఊపిరి గుంజి జూసిన.
ఏం ఫరకు లేదు.
కింద ఎవరిదో ఇడ్లీ పొయ్యి వాసనొచ్చింది.

ఆఖరికి అగ్గిపెట్టెల దూది పరిచి
రెండు సన్న జెట్టులు పెట్టిచ్చిన,
జొన్నగింజంత ఇత్తడి.
"మార్చేటప్పుడు తువ్వాల పరుచుకో,
కింద పడితే నీ తాత దిగొచ్చినా దొరకది."

మిరుగు నాడు చాప ముక్క తిని బయలెల్లిండు.
నాగపూర్ నుంచి ఫోను, ఎండ అని.
అంబాలా నుంచి ఫోను, రొట్టెలు అని.
మనాలి దాటినంక తొమ్మిది దినాలు ఏం లేదు.
నేను స్ప్లెండర్లు విప్పుకుంట
ఎవరు పిలిచినా సగమే విన్న.

పదో నాడు ముసురు వట్టింది, పగటీలి ఫోను మోగింది.
ఎవరో సిపాయి ఫోనట.
"యాకయ్యా..." ఆయాసం. "నా పక్కన మంచునది ఉన్నది.
కదలనట్టే ఉంటది గని రోజుకు జానెడు నడుస్తదట.
నీలిమందు ఎక్కువైన ధోతి లెక్కుంది."
"అది సరేగని అన్నా, బండి వినిపియ్యి."

కంప్రెషర్ బంద్ పెట్టిన.
షాదుల్ చేతిల సుత్తె పట్టుకున్న.
గప్పుడే మీద గూడ్సు వచ్చింది.
ఒకటి, రెండు, ఇరవై, నలబై...
ఏ బొగ్గు యాడికి వోతుందో,
యాభై ఎనిమిది డబ్బాలు పోయేదాక
చెవిల ఫోను ఒత్తుకొని నిలవడ్డ.

టప్. టప్... టప్ టప్.
ముసలాయన ఊపిరి, బండి ఊపిరి
ఒకటే కాడ తడవడుతున్నయి.
"జెట్టు మార్చినవా?"
"మార్చిన. ఏళ్లు మొద్దువారినయి. ఒకటి జారి
మంచు పర్రెల పడ్డది."
"పోనీ. రెండోది ఎక్కిచ్చినవు గదా.
దాని పక్కకు సన్న మర ఉంటది,
అరచుట్టు ఎడమకు తిప్పు.
అరచుట్టే."

తిప్పిండు.
టప్ టప్ టప్ టప్,
ఇరవై తొమ్మిదేండ్ల తొవ్వ ఎర్కున్నట్టు
కుదురుగ నడిచింది.
ఒక్కో టప్పుకు నడుమ సందుంటది.
గా సందుల నాకేందో వినవడ్డది.
గాలి గాదు, నీళ్లు గాదు,
ఏదో బరువైనది నిద్రల మెల్లగ ఒత్తిగిల్లినట్టు.
లైను తెగింది.
"ఏమన్నడన్నా?" అన్నడు షాదుల్.
వానికి ఏం చెప్పాలె.

బత్కమ్మకు ముందొచ్చిండు, నల్లగై, పెదవులు పగిలి.
షాపు ముందట పదిమంది జమైండ్రు.
కనుమల పేర్లడిగిండ్రు, చలి ఎంతనడిగిండ్రు.
ఆయన చాయ్ ఊదుకుంట
"రోడ్డు మంచిగనే ఉంది" అన్నడు. అంతే.
పోయేటప్పుడు నా దిక్కు జూసి
"మన గాలికి సెట్ చెయ్యి" అన్నడు.

చెయ్యలే, ఎంబడే.
షట్టర్ సగం దించి
పల్చని గాలి లెక్కనే ఒకసారి నడిపిన.
మన గాలికి అది ఆగమైంది,
సైలెన్సర్ల పటాకులు పేలినయి,
పక్కింటి మేకపిల్ల తాడు తెంపుకుంది.
ఆపి, అరచుట్టు కుడికి తిప్పిన.

అగ్గిపెట్టె వాపసు ఇచ్చిండు.
దూదిల రెండు గుంతలు, రెండూ ఉత్తయే.
ఒకటి బండిల ఉంది.
ఇంకోటి, ఎనబై ఐదు నంబరుది,
నా చేతి గ్రీజు అంటినది,
ఆ నీలపు పర్రెల పడి
వోతనే ఉన్నది,
రోజుకు జానెడు.